ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నప్పుడు ఉద్యోగం పోతే: అప్పులూ ఇంటి ఖర్చులూ సంభాళించుకోవడం ఎలా?

జీతం ఆగిపోయి, ఇంట్లో సంపాదించే మరో మనిషి లేనప్పుడు, అప్పులవాళ్ళ ఫోన్లు మొదలవగానే చాలామంది ఒక పని చేస్తారు. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకి ముందు కట్టేస్తారు. ఆ ఫోను ఆగుతుంది గానీ అద్దెకు డబ్బుండదు. అద్దె కోసం ఇంకో అప్పు చేయాల్సి వస్తుంది, ఈసారి మరింత ఎక్కువ వడ్డీకి. ముందు ఈ వరస మారాలి. ఏ బాకీ ఆగితే పిల్లలున్న ఇల్లు కదిలిపోతుందో అది ముందు కట్టాలి. మిగతావాళ్ళు ఎంత అరిచినా వాళ్ళ వంతు తర్వాతే. ఆదాయం లేని నెలల్లో మీ పని ఇల్లు నడపడం, ఉన్న అప్పు ఇంకా పెరగకుండా చూసుకోవడం. తీర్చడం జీతం వచ్చాక.

1. చేతిలో డబ్బు ఎన్ని నెలలు వస్తుందో లెక్క కట్టండి

ఒక కాగితం మీద తప్పనిసరి ఖర్చులే రాయండి: అద్దె, తిండి, కరెంటు, నీళ్ళు, మందులు, బడి ఫీజు, పని వెతుక్కోవడానికి తిరిగే ఛార్జీలు, ఫోను. ఖర్చు తగ్గించాలనగానే ముందు ఫోను తీసేస్తుంటారు. వద్దు. ఉద్యోగం పిలుపు వచ్చేది దానికే. ఏడాదికోసారి వచ్చే బీమా, బడి టర్ము ఫీజులాంటివాటిని 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. లేకపోతే అవి వచ్చిన నెలలో లెక్కంతా తలకిందులవుతుంది.

చేతిలో 90,000 ఉంది, తప్పనిసరి ఖర్చు నెలకు 22,500 అనుకుందాం. అంటే 4 నెలలు. ఏదో ఒక దారిన నెలకు 6,000 వచ్చినా లోటు 16,500కు తగ్గి, అదే డబ్బు దాదాపు ఐదున్నర నెలలు వస్తుంది. చిన్న పనికి వచ్చే చిన్న మొత్తాన్ని తీసిపారేయకండి. దానివల్ల వచ్చే గడువులో, దొరికిన మొదటి పనికల్లా తలొగ్గకుండా మంచిది వెతుక్కోవచ్చు.

లెక్క తేలాక నెలసరి మొత్తాన్ని వారాలుగా విడగొట్టుకోండి. నెల బడ్జెట్ తప్పిందని నెలాఖరుకు గానీ తెలియదు. వారం బడ్జెట్ తప్పితే నాలుగో రోజుకే తెలుస్తుంది, సర్దుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.

2. రావలసినదంతా రాబట్టండి

అప్పుల సంగతి చూసేముందు ఈ పని చేయాలి. మానేసిన చోట ఆఖరి జీతం, వాడుకోని సెలవుల డబ్బు, పరిహారం ఏమైనా రావాలేమో రాతపూర్వకంగా అడగండి. నిరుద్యోగ భృతి, పిల్లల పేరిట ఇచ్చే సాయం, అద్దె రాయితీ, ఫీజు మినహాయింపు లాంటివి మీరున్న చోట ఉన్నాయేమో కనుక్కుని, ఉంటే మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి. చాలా పథకాల్లో డబ్బు లెక్కకొచ్చేది దరఖాస్తు చేసిన తేదీ నుంచే. ఉద్యోగం పోయిన తేదీ నుంచి కాదు.

విడిపోయిన భాగస్వామి నుంచి రావలసిన పిల్లల పోషణ ఖర్చు అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఎందరో. అది మీకు ఇచ్చే దానం కాదు, పిల్లలకు చెందవలసిన డబ్బు. కోర్టు ఉత్తర్వు పాతదైతే, మీ ఆదాయం పడిపోయిందని చూపించి మొత్తాన్ని సవరించమని కోరే వీలు చాలాచోట్ల ఉంది.

అప్పు తీసుకున్నప్పటి కాగితాలన్నీ బయటికి తీసి, దానితోపాటు బీమా అంటగట్టారేమో చూడండి. కొన్ని పాలసీలు ఉద్యోగం పోతే కొన్ని వాయిదాలు కడతాయి, కొన్ని భాగస్వామి చనిపోతే మిగిలిన బాకీ తీరుస్తాయి. ప్రీమియం కట్టిన సంగతే మరిచిపోయి క్లెయిము పెట్టనివాళ్ళుంటారు.

3. అప్పులన్నిటినీ మూడు కుప్పలుగా విడదీయండి

ప్రతి అప్పుకీ ఎదురుగా ఎంత బాకీ, వడ్డీ ఎంత, వాయిదా ఎంత, హామీ సంతకం ఎవరిది, కట్టకపోతే ఏమవుతుంది అని రాయండి. వీటిలో ఆఖరిదే అసలైన గడి.

మొదటి కుప్పలో, ఆగితే ఇల్లు గాని, బతుకుతెరువు గాని పోయే బాకీలు ఉంటాయి. అద్దె బకాయి, ఇంటి మీద అప్పు, కరెంటు బిల్లు, పనికి అవసరమైన బండి మీద అప్పు ఇందులోవే. జరిమానా, పన్నులాంటి ప్రభుత్వ బాకీలూ ఇక్కడే చేర్చాలి. వాటి వసూలుకు ప్రభుత్వం చేతిలో ఉన్న అధికారం మామూలు అప్పులవాళ్ళకు ఉండదు.

రెండో కుప్ప, వేరే ఎవరో మీకోసం హామీ ఉన్నవి, ఏదైనా వస్తువు తాకట్టులో ఉన్నవి. మీరు తప్పితే హామీ ఉన్నవాళ్ళ మీదికి వెళ్తారు కాబట్టి వాళ్ళకి మీరే ముందుగా చెప్పండి. నోటీసు అందాక తెలిస్తే చుట్టరికం కూడా పోతుంది.

ఇక మూడో కుప్ప ఏ హామీ లేనివి: క్రెడిట్ కార్డులు, వ్యక్తిగత రుణాలు, చేబదుళ్ళు. ఎక్కువ ఫోన్లు వచ్చేది వీటి గురించే, ఎందుకంటే పట్టుకోవడానికి అవతలివాళ్ళ చేతిలో వస్తువేదీ లేదు. అరుపుల్ని బట్టి ప్రాధాన్యం ఇవ్వొద్దనేది అందుకే. ఎగ్గొట్టమని చెప్పడం లేదు. క్రెడిట్ రికార్డు దెబ్బతింటుంది, కోర్టుకూ వెళ్ళవచ్చు. కానీ వాళ్ళు కోర్టుకు వెళ్ళి తీర్పు తెచ్చుకునేలోపు మీకు మాట్లాడుకునే వ్యవధి ఉంటుంది. పిల్లల్ని తీసుకుని ఇల్లు ఖాళీ చేయాల్సిన స్థితిలో ఆ వ్యవధి ఉండదు.

భాగస్వామితో కలిసి సంతకం చేసిన అప్పు ఉంటే ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. విడాకుల ఒప్పందంలో ‘ఆ అప్పు ఆయన కడతాడు’ అనో ‘ఆవిడ కడుతుంది’ అనో రాసుకున్నా, అప్పిచ్చినవాళ్ళు ఆ ఒప్పందంలో భాగం కాదు. మొత్తం బాకీ మిమ్మల్నే అడగగలరు. ఉమ్మడి కార్డు, ఉమ్మడి ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే వీలు) ఉంటే కొత్తగా వాడకుండా వెంటనే ఆపించండి.

భాగస్వామి చనిపోయి, మీ సంతకం లేని అప్పు కోసం ఎవరైనా వస్తే, న్యాయసలహా తీసుకునేదాకా ‘నేను కడతాను’ అనొద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఎప్పటిదో పాత బాకీ అయితే ఇంకా జాగ్రత్త. చాలా దేశాల చట్టాల్లో కొద్దిపాటి మొత్తం కట్టినా, బాకీ ఉందని రాసిచ్చినా, ఆ బాకీ కోసం దావా వేయడానికి ఉన్న కాలపరిమితి మళ్ళీ మొదటినుంచి లెక్కకొస్తుంది.

4. ఇంటి డబ్బును వేరే ఖాతాలోకి మార్చండి

అప్పున్న బ్యాంకులోనే మీ పొదుపూ ఉంటే, బకాయి కింద అందులోంచి జమ వేసుకునే హక్కు చాలాచోట్ల బ్యాంకుకు ఉంటుంది. అప్పు లేని బ్యాంకులో ఒక ఖాతా తెరిచి, సాయం డబ్బు, పోషణ డబ్బు అందులో పడేలా చూడండి. ఖాతాలో డబ్బు ఉండదని ముందే తెలిస్తే ఆటో డెబిట్ ఆపించి, ఆ సంగతి అప్పిచ్చినవాళ్ళకు తెలపండి. బౌన్సయితే అటు బ్యాంకూ ఇటు అప్పిచ్చినవాళ్ళూ ఇద్దరూ జరిమానా వేస్తారు.

5. వాయిదా తప్పకముందే మాట్లాడండి

ఒక్క వాయిదా కూడా తప్పని మనిషి మాటకు, మూడు తప్పాక వచ్చే మనిషి మాటకు విలువ ఒకేలా ఉండదు. కష్టం విని సాయం చేయమనకుండా, ఏం కావాలో తేల్చి అడగండి: కొన్ని నెలల విరామం, కొన్నాళ్ళు వడ్డీ మాత్రమే కట్టే ఏర్పాటు, గడువు పెంచి వాయిదా తగ్గించడం, ఆలస్య రుసుము మాఫీ. ఉత్తరం ఇంత చిన్నదైనా సరిపోతుంది:

‘ఫలానా తేదీన నా ఉద్యోగం పోయింది. నేను ఒక్కదాన్నే ఇద్దరు పిల్లల్ని పోషిస్తున్నాను. నా నెలసరి ఆదాయం, తప్పనిసరి ఖర్చుల వివరాలు జతచేశాను. వచ్చే 6 నెలలు నేను ఇంత మొత్తమే కట్టగలను. ఆ కాలానికి ఆలస్య రుసుము లేకుండా ఈ ఏర్పాటును అంగీకరిస్తూ రాతపూర్వకంగా తెలపండి.’

కట్టగలిగిన మొత్తం చెప్పేటప్పుడు పౌరుషానికి పోవద్దు. ఎక్కువ చెప్పి రెండో నెలలోనే తప్పితే తర్వాత మీ మాట నమ్మరు.

విరామం దొరికిందని సంబరపడే ముందు ఆ కాలానికి వడ్డీ నడుస్తుందేమో అడగండి. నెలకు నూటికి 1 చొప్పున లక్ష బాకీ 6 నెలలు ఆపితే, చక్రవడ్డీతో 1,06,152 అవుతుంది. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఆ 6,152 ఇచ్చుకోవచ్చు. నూటికి 3 వడ్డీ ఉన్న కార్డు మీదైతే అదే 6 నెలల్లో దాదాపు 19,400 పెరుగుతుంది. అక్కడ విరామం కంటే వడ్డీ తగ్గించమనో, ఆపమనో అడగడం మేలు.

ఫోనులో చెప్పిన ఏ హామీనీ లెక్కలోకి తీసుకోకండి. తేదీ, సమయం, మాట్లాడినవాళ్ళ పేరు రాసిపెట్టుకుని, ‘ఈరోజు మనం అనుకున్నది ఇది’ అంటూ అదేరోజు మెయిల్ పంపండి. బెదిరించినా, బంధువులకు ఫోన్ చేసినా, పిల్లల దగ్గర మాట్లాడినా ఆ వివరాలూ అందులోనే రాయండి. ఫిర్యాదుకు పనికొస్తాయి.

6. వడ్డీని ఒకే కొలతలోకి మార్చి చూడండి

‘వారానికి 2 శాతమే’ అంటే ఏడాదికి 104 శాతం, వడ్డీకి వడ్డీ వేస్తే దాదాపు 180. ‘ఫ్లాట్ 10 శాతం’ అని ఇచ్చే ఏడాది రుణంలో, మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే వేస్తారు కాబట్టి, తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 18 శాతం. నూటికి నెలకు 3 వడ్డీతో ఏమీ కట్టని బాకీ రెండేళ్ళలోపే రెట్టింపవుతుంది.

కార్డు మీద కనీస మొత్తం కడుతున్నాం కదా అని ధైర్యపడేవాళ్ళకు ఈ లెక్క. బాకీ 50,000, నెల వడ్డీ 3 శాతం, కనీస చెల్లింపు 5 శాతం. మొదటి నెల కట్టే 2,500లో 1,500 వడ్డీకే పోతుంది. కార్డు ఇక ఒక్కసారీ వాడకపోయినా, ఈ లెక్కన బాకీ సగానికి రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది.

కొత్త అప్పు చేయక తప్పదనిపిస్తే, తిండికీ మందులకూ తప్ప పాత వాయిదా కట్టడానికి చేయకండి. ఫోనులోని నంబర్లన్నీ చూసే అనుమతి అడిగే రుణ యాప్‌ల జోలికి అసలు పోవద్దు. ‘ముందు ఫీజు కడితే మీ అప్పు మాఫీ చేయిస్తాం’ అన్నవాళ్ళను నమ్మకండి. ఉచితంగా సలహా ఇచ్చే రుణ సలహా కేంద్రాలు, న్యాయసేవా సంస్థలు చాలా దేశాల్లో ఉన్నాయి.

7. పిల్లలకు చెప్పండి

మొత్తం లెక్కలు చెప్పనక్కర్లేదు. ‘కొన్నాళ్ళు జాగ్రత్తగా ఖర్చుపెట్టాలి, ఇల్లు, తిండి, బడి మాత్రం ఆగవు’ అంటే చిన్నపిల్లలకు చాలు. పెద్దపిల్లలకు అప్పులవాళ్ళ ఫోన్ వస్తే ఏం చెప్పాలో నేర్పండి: ‘మా అమ్మ లేదా నాన్న మాట్లాడతారు’ అంతే. వాళ్ళతో బేరాలు ఆడించవద్దు, అబద్ధాలు చెప్పించవద్దు.

8. పని దొరికినప్పుడు

ఒప్పుకునే ముందు జీతంలోంచి పిల్లల్ని చూసుకునేవాళ్ళకిచ్చే డబ్బు, ప్రయాణం, పనివల్ల ఆగిపోయే సాయాలు తీసేసి చూడండి. జీతం 30,000 కనిపించినా చేతికి మిగిలేది 14,000 కావచ్చు. ఇంటికి దగ్గర్లో 22,000 పనిలో అంతకంటే ఎక్కువ మిగలవచ్చు.

మొదటి జీతంతో ముందు అద్దె, కరెంటు బకాయిలు పూర్తిచేసి, ఒక నెల తప్పనిసరి ఖర్చు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. ఆ తర్వాత మిగిలినదంతా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మీద పెట్టి, మిగతావాటికి ఒప్పుకున్న వాయిదాలే కట్టండి. వడ్డీ తక్కువ ఖర్చయ్యే పద్ధతి ఇదే. చిన్న అప్పు ఒకటి పూర్తిగా పోతే మనసు తేలికపడుతుందనుకుంటే అదే ముందు తీర్చండి. కాస్త వడ్డీ ఎక్కువైనా మధ్యలో వదిలేయకుండా సాగే పద్ధతే మేలు. ఏ అప్పు తీరినా, బాకీ లేదన్న పత్రం, తాకట్టు వస్తువు, ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తీసుకుని, కొన్నాళ్ళకు క్రెడిట్ రికార్డులో ఆ ఖాతా మూసినట్టు చూపుతోందో లేదో చూసుకోండి.