బండ మీద జలపాతం: పంపు కంటే ముందు బకెట్

పెరట్లో పెద్ద బండ ఉండి, దాని మీదుగా నీళ్లు దూకించాలనుకుంటే పంపు కొనకముందే బండ నెత్తిన ఒక బకెట్ నీళ్లు నిదానంగా పోయండి. నీళ్లు ఏ దారి పడతాయో అప్పుడే తెలిసిపోతుంది. ఆ దారి చివర అంచు వెడల్పు కొలవండి. అంగుళానికి గంటకు సుమారు 400 లీటర్లు కావాలి. 8 అంగుళాల అంచుకి 3,200 లీటర్లు. పంపు డబ్బా మీది పెద్ద అంకె చూసి మోసపోకండి. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, కాబట్టి ఏ ఎత్తుకి ఎన్ని నీళ్లు ఇస్తుందో చూపే పంపు పట్టికలో మీ బండ ఎత్తు దగ్గర ఎంతుందో చూడాలి. పైపు అంగుళంన్నర వేసి, బండ వెనక నుంచి పైకి తీసుకెళ్లండి.

ఎక్కువమందిని ఏడిపించేది అంచే. నీళ్లు దూకకుండా రాయి అడుగుకి అంటుకుని వెనక్కి జారిపోతాయి. అంచు కింద, ముందు నుంచి అర అంగుళం లోపల, గ్రైండర్‌తో పావు అంగుళం లోతు గాడి కొట్టండి. వేలితో తడిమితే గాడి మూల పదునుగా తగలాలి. గుండ్రంగా ఉంటే నీటిచుక్క దాన్నీ దాటేస్తుంది. కోసేటప్పుడు మంచి మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. రాతిపొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

కింది తొట్టిలో కొంత ఖాళీ ఉంచండి, పంపు ఆపగానే పైనున్న నీళ్లన్నీ దిగొస్తాయి. మట్టం రోజూ తగ్గుతోందా? ఒక రాత్రి పంపు ఆపి చూడండి. అప్పుడు తగ్గకపోతే తొట్టి మంచిదే, నీళ్లు పోతున్నది పైనే: చిందడమో, బండ పగుళ్లలోంచి కారడమో. పంపు లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే పరికరం) లేకుండా మాత్రం స్విచ్ వేయకండి.