ఐర్లండ్ కథల్లో మనస్సాక్షి: ఎవరు ఏం పోగొట్టుకుంటారో చూస్తూ చదవండి

ఐర్లండ్ కథలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఫ్రాంక్ ఓకానర్ ‘ఫస్ట్ కన్ఫెషన్’ అంటాను. ఏడేళ్ల జాకీకి మొదటి పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం. నాయనమ్మని చంపాలనుకున్న సంగతి ఫాదర్‌తో చెప్పాలి, అదీ వాడి టెన్షన్. మా గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చిల్లో పెరిగినవాళ్లకి చివర్లో ప్రాయశ్చిత్తంగా విధించే మంగళవార్త జపాలతో (మరియమ్మకి చేసే ప్రార్థన) సహా ఇదంతా తెలిసిందే. మిగతావాళ్లు రెండు సంగతులు తెలుసుకుంటే చాలు. పాపం నోటితో ఒప్పుకోవాలి. పెద్ద పాపం దాచిపెట్టి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తీసుకుంటే అది ఇంకో పాపం.

తర్వాత క్లెయిర్ కీగన్ రాసిన, 2021లో వచ్చిన చిన్న నవల ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ తీయండి. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, కానీ రెండుసార్లు చదవాలి. మొదటిసారి కథ కోసం. 1985లో క్రిస్మస్ ముందు, న్యూ రాస్ అనే ఊళ్లో బొగ్గు, కట్టెలు అమ్మే బిల్ ఫర్లాంగ్ కాన్వెంటుకి (సిస్టర్లు ఉండే మఠం) లోడు దింపడానికి వెళ్లి, బొగ్గు గదిలో ఒక అమ్మాయిని చూస్తాడు. మిగతాది నేను చెప్పను.

ఆ తర్వాతే చరిత్ర చూడండి. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లతో పాటు ఇంకెందరో ఆడవాళ్లతో జీతం లేకుండా పని చేయించుకున్న, సిస్టర్లు నడిపిన మగ్దలీన్ లాండ్రీల్లో (బట్టలు ఉతికే చోట్లు) చివరిది మూతపడింది 1996లో. 2013లో ప్రధాని ఎండా కెన్నీ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు.

రెండోసారి పెన్సిల్ పట్టుకుని, డబ్బు కనిపించిన చోటల్లా గీత గీయండి. కాన్వెంటు ఫర్లాంగ్ దగ్గర బొగ్గు కొంటుంది. ఆయనకి ఐదుగురు ఆడపిల్లలు, ఊళ్లో మంచి స్కూలేమో సిస్టర్ల చేతిలో. మదర్ సుపీరియర్ టీ ఇచ్చి, పిల్లల చదువు గురించి అడిగి, కవరు చేతిలో పెట్టే పేజీలు నిదానంగా చదవండి. పైకి బెదిరింపు ఒక్కటీ ఉండదు.

చర్చిని తిట్టే పుస్తకం అనుకుంటే సగం పోయినట్టే. పూజలో అందరూ సత్ప్రసాదానికి వెళ్తుంటే ఫర్లాంగ్ గోడకి ఆనుకుని ఉండిపోతాడు. నమ్మకం లేనివాడైతే లైన్లో వెళ్లి తీసుకునేవాడే అని నా అభిప్రాయం.

ఇక, కాన్వెంటు సంగతి మనకెందుకు అనే భార్య ఐలీన్. ఆమెని గుండె లేని మనిషని కొట్టిపారేయడం అన్యాయం. షిప్‌యార్డు మూతపడి, నిరుద్యోగ భృతి క్యూలు పెరుగుతున్న ఊళ్లో ఐదుగురు పిల్లల తల్లి ఆమె. ఫర్లాంగ్ తల్లికి పెళ్లి కాలేదు. మిసెస్ విల్సన్ అనే ప్రొటెస్టంట్ యజమానురాలు పనిలోంచి తీసేయకపోవడం వల్లే ఆమె బతుకు నిలబడింది. ఐలీన్‌కి అలాంటి గతం లేదు. ఇంట్లో తోడు ఎవరైనా ఉంటే కాన్వెంటు గురించి ఈ భార్యాభర్తల సంభాషణ చెరో గొంతు పంచుకుని పైకి చదవండి. ఐలీన్ తరఫున వాదించే పని ఫర్లాంగ్ అంటే బాగా ఇష్టపడ్డవాళ్లకే అప్పగించండి.