పెల్లెట్ స్టవ్ బిగిస్తున్నారా? ముందు పొగగొట్టం సంగతి చూడండి

మేం అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాం. జనవరి రాత్రుల్లో ఇక్కడ మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోవడం వింతేమీ కాదు. చాలా ఇళ్ళలో ఉండేది ఆయిల్ ఫర్నేసే. ట్యాంకు రెండోసారి నింపించుకుని బిల్లు చూశాక మనవాళ్ళలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, మీ ఇంట్లో ఆ పెల్లెట్ స్టవ్ ఉందిగా, ఎలా పనిచేస్తుంది? మేమూ పెట్టుకుందామనుకుంటున్నాం." పదకొండేళ్ళలో మా ఇంట్లో రెండు, తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఏడు బిగించాను. వేరేవాళ్ళు బిగించి పాడుచేస్తే వెళ్ళి సరిచేసినవి అంతకంటే ఎక్కువే. ఒక్కసారి రాసి పెట్టుకుంటే ఇక అడిగినవాళ్ళందరికీ ఇదే పంపొచ్చు.

పెల్లెట్ అంటే రంపపు పొట్టే. దాన్ని యంత్రంలో గట్టిగా నొక్కి, పావు అంగుళం లావు గుళికలుగా చేస్తారు. మా ఊళ్ళో కాఫీ హోటల్లో రంపపు పొట్టు పొయ్యి ఉండేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగి, కింది కన్నంలోంచి అంటించేవాళ్ళు. కూరడం కుదిరితే పూటంతా మండేది. కుదరకపోతే లోపల కూలిపోయి హోటలంతా పొగే. ఈ స్టవ్ ఆ పొయ్యికి మనవడనుకోండి. పైన హాపర్లో పెల్లెట్లు పోస్తాం. ఆగర్ అనే మర తిరుగుతూ వాటిని కొంచెం కొంచెంగా కింద మండే గిన్నెలో పడేస్తుంది. ఒక ఫ్యాన్ పొగను బయటికి తోస్తుంది, ఇంకో ఫ్యాన్ వేడిగాలిని గదిలోకి ఊదుతుంది. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఏది కొనాలి

షాపులో వాళ్ళు పెద్దదే చూపిస్తారు. తీసుకోకండి. పెద్ద స్టవ్ గదిని పావుగంటలో కాల్చేసి ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది. అలా రోజుకు పదిసార్లు వెలిగితే ముందు పోయేది పెల్లెట్లను అంటించే ఇగ్నైటరే. 1,500 చదరపు అడుగుల మామూలు ఇంటికి గంటకు 40,000 బీటీయూ (వేడిని కొలిచే కొలత) లోపుదే చాలు. కొనేటప్పుడు గరిష్ఠం ఎంత అని కాదు, కనిష్ఠం ఎంతవరకు తగ్గుతుంది అని అడగండి. అక్టోబరులోనూ ఏప్రిల్లోనూ మీకు పనికొచ్చేది ఆ అంకే.

ఒక లెక్క చెబుతాను. సంచి 40 పౌండ్లు. పౌండుకు దాదాపు 8,000 బీటీయూ. స్టవ్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే సంచికి రెండున్నర లక్షల బీటీయూ వేడి ఇంట్లోకి వస్తుంది. మంట సన్నగా, గంటకు పది వేలు చొప్పున పెట్టుకుంటే ఒక సంచి రోజంతా వస్తుంది. పూర్తిగా పెంచితే ఆరేడు గంటల్లో ఖాళీ. టన్నుకు 50 సంచులు. వేడి లెక్కన ఒక టన్ను సుమారు 120 గ్యాలన్ల ఆయిల్‌కు సమానం. మీ ఊళ్ళో ధరలు పక్కపక్కన పెట్టుకుని ముందు ఈ లెక్క తేల్చుకోండి.

సెకండ్‌హ్యాండ్ స్టవ్ వద్దు. 2020 మే 15 తర్వాత అమెరికాలో అమ్మే కొత్త స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగధూళి వదలకూడదు. పాతవాటికి ఆ పట్టింపు లేదు, మాన్యువల్ కూడా దొరకదు. మాన్యువల్ లేని స్టవ్‌కు టౌన్ ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడు. సంతకం లేకపోతే రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్సు వాళ్ళకూ ముందే చెప్పండి.

హార్డ్‌వుడ్ పెల్లెట్లే మంచివని ఇక్కడ ఒక నమ్మకం ఉంది. ఒట్టిదే. బరువుకు బరువు చూస్తే సాఫ్ట్‌వుడ్ పెల్లెట్లకు వేడి ఏమాత్రం తగ్గదు, చాలాసార్లు ఎక్కువే. బూడిద కూడా తక్కువ. నేను వాటినే వాడతాను. సంచి మీద బూడిద 1 శాతం లోపు, తేమ 8 శాతం లోపు అని ఉండాలి. తడి తగిలిందా, పెల్లెట్ ఉబ్బి మళ్ళీ పొట్టైపోతుంది. సంచులు గరాజ్‌లో చెక్క పలకల మీద పెట్టండి, సిమెంటు నేల మీద కాదు.

హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే, ఏసీలాంటి యంత్రం) ఉంటే ఇదెందుకు అని అడుగుతారు. మా ఇంట్లో అదీ ఉంది. నవంబరులో బంగారంలా పనిచేస్తుంది. గట్టి చలి రాత్రుల్లో గాలి వస్తూనే ఉంటుంది గానీ, దాని ముందు చేతులు చాపి కూర్చోవాలనిపించదు. ఇక కట్టెల స్టవ్ అంటారా, తెల్లవారుజామున మూడింటికి లేచి కట్టె వేసే ఓపిక ఉంటే మీ ఇష్టం.

ఎక్కడ పెట్టాలి

మీరు ఎక్కువసేపు కూర్చునే గదిలో, బయటి గోడకు దగ్గరగా. బేస్‌మెంట్‌లో పెడితే వేడి పైకొస్తుందని చెబుతారు. చుట్టూ వట్టి కాంక్రీటు గోడలుంటే ఆ వేడి సగం వాటికే. నా రెండో స్టవ్‌తో నేర్చుకున్న పాఠం అది.

పడకగదులకు వేడి చేరడం లేదంటే చిన్న టేబుల్ ఫ్యాన్ తీసుకోండి. చాలామంది దాన్ని స్టవ్ దగ్గర పెట్టి వేడిగాలిని పడకగదివైపు తోస్తారు. తిరగేసి చేయాలి. ఫ్యాన్‌ను పడకగది గుమ్మంలో నేలమీద పెట్టి, అక్కడి చల్లగాలిని స్టవ్‌వైపు తోయండి. చల్లగాలి బరువు కాబట్టి నేలబారుగా సులువుగా కదులుతుంది, ఖాళీ అయిన చోటికి వేడిగాలి పైనుంచి దానంతటదే వస్తుంది.

స్టవ్ కింద నిప్పంటని పలక వేయాలి. ముందువైపు కనీసం 6 అంగుళాలు బయటికి రావాలి. పక్కలకు, వెనక్కి ఎంత వదలాలో మాన్యువల్లో ఉంటుంది. స్టవ్‌ను ఒక్కరే ఎత్తకండి, ఇద్దరు కావాలి. ఇక అసలు పనికొద్దాం.

పొగగొట్టం

స్టవ్‌లు చెడవు, పైపులు చెడతాయి. నేను సరిచేసిన ప్రతి ఇంట్లోనూ తప్పు పైపులోనే ఉంది.

దీనికి పెల్లెట్ వెంట్ అనే రెండు పొరల పైపు ప్రత్యేకంగా వస్తుంది. లోపలి పొర స్టెయిన్‌లెస్ స్టీలు. డ్రయర్ పైపు, గ్యాస్ హీటర్ల బి-వెంట్ పైపు, ఒంటి పొర రేకు గొట్టం, వీటిలో ఏదీ పనికిరాదు. కట్టెల స్టవ్‌లో పొగ తనంతట తానే పైకి పోతుంది, పైపులో సందు ఉంటే గదిలో గాలి లోపలికి లాక్కుంటుంది. ఇక్కడ అలా కాదు. ఫ్యాన్ పొగను తోస్తుంది కాబట్టి సందు ఉంటే పొగే గదిలోకి వస్తుంది. పొగతోపాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా.

అందుకే ప్రతి జాయింటునూ అధిక వేడిని తట్టుకునే సిలికాన్‌తో మూయాలి. 500 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గనిది చూసి కొనండి. పైపులకు రబ్బరు వాషర్ వస్తుంది, సిలికాన్ అక్కర్లేదని కొందరంటారు. నేను రెండూ వాడతాను. స్టవ్ నోటికి పైపు కలిసే మొదటి అడాప్టర్ దగ్గర సిలికాన్ పిసినారితనం చేయకండి. లీకుల్లో సగం అక్కడివే. స్క్రూలు వేస్తే పావు అంగుళానివి వేయండి. పొడుగు స్క్రూ లోపలి పొరను చీల్చేస్తుంది, మీ చేత్తో మీరే లీకు పెట్టినట్టు.

ఇప్పుడు పైపు ఎంత పొడుగు, ఎన్ని మలుపులు అన్నది. ఫ్యాన్ బలానికి హద్దుంది, అందుకని మలుపులను కూడా అడుగుల్లోకి మార్చి కూడతారు. 90 డిగ్రీల ఎల్బోకు (మలుపు ముక్కకు) 5 అడుగులు, T ఆకారపు ముక్క 'టీ'కి 5, 45 డిగ్రీల మలుపుకు 3. అడ్డంగా పోయే ప్రతి అడుగుకు 1, నిలువుగా పోయే అడుగుకు అర. మొత్తం 15 దాటితే 3 అంగుళాల పైపు చాలదు, 4 అంగుళాలది వేయాలి. ఎత్తైన కొండ ప్రాంతమైతే 15 దాటకపోయినా 4 అంగుళాలదే, ఎన్ని అడుగుల ఎత్తు నుంచో మాన్యువల్ చెబుతుంది. మా హాల్లో చూడండి: టీ 5, అయిదడుగుల నిలువుకు రెండున్నర, గోడలోకి తిరిగే ఎల్బో 5, గోడ దాటి బయటికి ఒకటిన్నర. మొత్తం 14. సోఫా జరపడం ఇష్టం లేక ఇంకో ఎల్బో వేసి ఉంటే 19 అయ్యేది. సోఫానే జరిపాం.

ఆ అయిదడుగుల నిలువు ఎందుకంటారా? చాలా మాన్యువళ్ళు పైపును వెనకనుంచి తిన్నగా గోడలోంచి బయటికి పంపొచ్చనే అంటాయి. నేను ఒప్పుకోను. మా స్నేహితుడి ఇంట్లో ఒక షాపువాళ్ళు అలాగే బిగించి వెళ్ళారు. ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, గిన్నెలో నిప్పు ఆగలేదు. పొగకు పైకి పోయే దారి లేక హాపర్లోంచి, తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారు ఏదో మాడుతోందని చీకట్లో వంటింట్లోకి పరుగెత్తారట. ఈలోగా అలారం మోగింది. పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని గంటన్నర కార్లో కూర్చున్నారు. మర్నాడు వెళ్ళి చూస్తే తెల్లటి గోడ మీద పైపు చుట్టూ మసి, అరచేయి పెట్టి అద్దినట్టు.

నిలువు పైపు ఉంటే ఫ్యాన్ ఆగినా వేడి పొగ దానంతట అది పైకి లాగబడుతుంది. మూడడుగులతో పనవుతుందంటారు, నా దగ్గర మాత్రం అయిదే. ఆ నిలువు ఇంటి లోపలే ఉండాలి. బయట పెడితే చలికి పొగ చల్లారి ఊపు తగ్గిపోతుంది, లోపల తడి చేరుతుంది.

గోడకు కన్నం పెట్టే ముందు లోపలి స్టడ్‌లు (గోడను నిలబెట్టే నిలువు చెక్కలు) ఎక్కడున్నాయో చూసుకోండి, సాధారణంగా 16 అంగుళాలకొకటి. కరెంటు వైర్లు కూడా. స్టవ్‌ను దాని చోట పెట్టి, పైపును పొడిగా, సిలికాన్ లేకుండా ఒకసారి కూర్చి, గోడమీద గుర్తు పెట్టుకున్నాకే కోయండి. పైపు గోడ దాటేచోట వాల్ థింబుల్ (పైపుకు చెక్క తగలకుండా గోడలో బిగించే తొడుగు) తప్పనిసరి. పైపుకూ చెక్కకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో పైపు మీదే అచ్చువేసి ఉంటుంది, కొన్నింటికి 1 అంగుళం, కొన్నింటికి 3. ఆ ఖాళీలో ఇన్సులేషన్ కుక్కకండి. "చల్లగాలి వస్తోంది" అని కుక్కినవాళ్ళను చూశాను. అది ఖాళీగా ఉంచడానికే ఉన్న ఖాళీ.

బయట పైపు చివర తెరుచుకునే కిటికీకి, తలుపుకి కింద గానీ పక్కన గానీ ఉంటే 4 అడుగుల దూరం ఉండాలి, పైన అయితే 1 అడుగు. మనుషులు నడిచే దారి పక్కనైతే నేలకు 7 అడుగుల ఎత్తు. నేలనుంచి 1 అడుగు చాలని పుస్తకంలో ఉంటుంది గానీ, ఇక్కడ మూడడుగుల మంచు పేరుకుంటుంది. పైపు మూతి మంచులో పూడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? డెక్ (ఇంటికి ఆనుకుని ఉండే చెక్క అరుగు) కింద అసలే పెట్టొద్దు.

పాత ఇటుక చిమ్నీ ఉందని సంతోషపడి పైపును అందులోకి నాలుగడుగులు దూర్చి వదిలేసేవాళ్ళున్నారు. చిమ్నీలోంచే పంపాలంటే 4 అంగుళాల స్టెయిన్‌లెస్ లైనర్‌ను పై మూత దాకా వేయాలి.

బయటి గాలి

స్టవ్‌కు మండడానికి గాలి కావాలి. ఆ గాలి ఇంట్లోది కాకుండా బయటిది అందేలా విడి గొట్టం వేయండి. ఐచ్ఛికం అని రాసి ఉంటుంది. మన ఇళ్ళకు కాదు. పులిహోర పోపు వేసేటప్పుడు వంటింటి హుడ్ ఫుల్ స్పీడులో పెడతాం. కొత్త ఇళ్ళు గాలి చొరకుండా కడతారు, హుడ్ ఇంట్లో గాలంతా లాగేస్తుంది, స్టవ్‌లో మంట ఎర్రగా బద్ధకంగా ఊగి అద్దం నల్లబడుతుంది. గొట్టం లోహానిదే కావాలి, ప్లాస్టిక్ వద్దు. చివర జాలీ పెట్టకపోతే ఎలుకలు దూరతాయి.

కరెంటు, మొదటి మంట

వెలిగేటప్పుడు ఇగ్నైటర్ 300 నుంచి 400 వాట్లు లాగుతుంది, తర్వాత వంద వాట్ల చుట్టుపక్కల. 2008 డిసెంబరు మంచుతుఫానులో ఈ రాష్ట్రంలో కొన్ని ఇళ్ళకు రెండు వారాల దాకా కరెంటు రాలేదు. అన్ని రోజులు ఏ యూపీఎస్సూ నిలవదు, అది జనరేటర్ పని. కరెంటు పోయినప్పుడు స్టవ్ పొగ బయటికి తోసేసి సవ్యంగా ఆరిపోయేంతసేపు యూపీఎస్ ఉంటే చాలు. ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే మామూలు లైను కరెంటులాంటిదే ఇచ్చేది కొనండి, చవకవాటితో మోటారు గుర్రుమంటుంది.

మొదటిసారి వెలిగించగానే, వేడిగాలి ఫ్యాన్ ఇంకా మొదలవకముందే, అగరుబత్తి వెలిగించి ప్రతి జాయింటు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ తిన్నగా లేస్తే సరే. ఒకచోట పక్కకు తోసినట్టు ఊగితే అక్కడ సందుంది. ఆపి, చల్లారాక మళ్ళీ సిలికాన్ వేయండి. తర్వాత కొన్ని గంటలు పెయింటు కాలే వాసన వస్తుంది, కిటికీలు తీయండి, కంగారు వద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి స్టవ్ ఉన్న గదిలో, ఒకటి పడకగదుల బయట ఉండాలి.

తర్వాత పని బూడిదే. గిన్నెను రోజూ గీకాలి, టన్నుకొకసారి టీ మూత తీసి పైపు తుడవాలి. మామూలు వాక్యూమ్‌తో బూడిద లాగకండి, లోపల ఒక్క నిప్పురవ్వ ఉన్నా సంచి అంటుకుంటుంది. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో వేసి బయట పెట్టండి, చెక్క డెక్ మీద కాదు. చల్లారినట్టు కనిపించే బూడిదలో రోజుల తర్వాత కూడా నిప్పు ఉంటుంది. మా బకెట్ గరాజ్‌కు పదడుగుల దూరంలో రాళ్ళమీద ఉంటుంది, దాని చుట్టూ మంచు ఎప్పుడూ గుండ్రంగా కరిగిపోయి కనిపిస్తుంది.