అమైనో డబ్బా కొనే ముందు, రోజుకెంత ప్రోటీన్ తినాలో లెక్క వేసుకోవడం ఎలా?

ఒడిశాలోని మా బరంపురంలో జిమ్‌లో చేరిన కుర్రాడు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది: "భాయ్, అమైనో ఏ కంపెనీది కొనాలి?" పొద్దున రెండు పూరీలు, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం చేతిలో అమైనో ఆమ్లాల పొడి కలిపిన నీలం రంగు నీళ్ల షేకర్. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారం గెలిచిన రవికుమార్ ఈ ఊరివాడే. బరువులెత్తడం నేర్పేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. తిండి లెక్క చెప్పేవాళ్లే తక్కువ.

కావాల్సినవి వంటింటి డిజిటల్ కాటా, చిన్న నోటుపుస్తకం, పెన్ను. ఫోన్ యాప్ వద్దు. ఎందుకో కింద చెబుతా.

ముందు ఒక రక్తపరీక్ష

పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు చుట్టాలు లేని తెలుగు ఇల్లు ఈ ఊళ్లో అరుదు. ఆ ఉద్దానం ప్రాంతంలో కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రోటీన్ పెంచే ముందు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. కిడ్నీలు బాగుంటే ఇక్కడ చెప్పే మోతాదుకు భయపడక్కర్లేదు. ఏ కాస్త తేడా ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ చెప్పినంతే తినాలి. జిమ్‌వాళ్లు బలానికి తీసుకునే క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. దానివల్ల కిడ్నీ బాగున్నా రిపోర్టులో అంకె కొంచెం పెరగొచ్చు. ముందురోజు రాత్రి మటన్ దంచినా అంతే.

మీ అంకె

మీ బరువును 1.6తో గుణించండి. 65 కిలోలుంటే రోజుకు 104 గ్రాములు. మామూలు మనిషికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పేది కిలోకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లకి అది చాలదు. 2018లో 49 పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు, సగటున కిలోకి 1.6 గ్రాములు దాటాక కండ పెద్దగా పెరగలేదని తేలింది. మూడు గ్రాములు తినమని చెప్పేవాళ్లు సాధారణంగా డబ్బాలు కూడా అమ్ముతుంటారు. పొట్ట బాగా ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో కాకుండా, చేరాలనుకున్న బరువుతో లెక్కేసుకోండి.

అసలు తంటా: తూచడం

అందరూ బోర్లా పడేది ఇక్కడే. వంద గ్రాముల చికెన్ తిని వంద గ్రాముల ప్రోటీన్ రాసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎముకల్లేని పచ్చి చికెన్ వంద గ్రాముల్లో ప్రోటీన్ ఇరవై, ఇరవై రెండు గ్రాములే. మిగతాది చాలావరకు నీళ్లు.

నియమం ఒక్కటే: పచ్చిదే తూచాలి. వండాక తూచకూడదు. వండితే చికెన్‌లో నీళ్లు పోయి బరువు తగ్గుతుంది. అన్నం, పప్పు నీళ్లు పీల్చి బరువు పెరుగుతాయి. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అది ఉడికి గిన్నెడు పప్పయ్యాక కూడా గిన్నె మొత్తంలో ఉండేది ఆ 22 గ్రాములే. ఇంట్లో నలుగురు పంచుకుంటే మీ వాటా ఐదున్నర. యాప్ వద్దన్నది ఇందుకే. "పప్పు, ఒక కప్పు" అని కొడితే ఒకచోట పచ్చిపప్పు లెక్క, ఇంకోచోట ఉడికినదాని లెక్క చూపిస్తుంది. కుర్రాడు ఎక్కువున్నది నొక్కి సంతోషపడతాడు. పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా దాల్మా అయితే మరీ మోసం. అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలే సగం గిన్నె ఉంటాయి. కుక్కర్లో వేసే ముందు పప్పెంతో అమ్మని అడిగి రాసుకోవాలి. నాలుగు రోజులు విసుక్కుంటుంది, తర్వాత తనే చెబుతుంది.

పఖాళ, అంటే నీళ్లు పోసిన చద్దన్నం కూడా అంతే. పళ్లెం నిండా కనిపించేది నీళ్లు. వంద గ్రాముల బియ్యానికి ఏడు గ్రాములు రాసుకోండి, చాలు.

చికెన్ కూర ముక్కలు కొంటే ఎముకలు తీసేయాలి. పావుకిలో ముక్కల్లో నోట్లోకి వెళ్లే మాంసం మూడింట రెండొంతులనుకోండి, అంటే ముప్పై గ్రాములకు కాస్త అటూఇటూ ప్రోటీన్. కూర అందరికీ కలిపి వండితే, మీ ముక్కలు తినేశాక మిగిలిన ఎముకల్ని చూసి లెక్క సరిచేసుకోవద్దు. అది పిచ్చి పట్టే దారి. మీ వాటా ముందే తూచి, కిలోలో ఎన్నో వంతో రాసుకోండి.

మిగతా అంకెలు సులువు. గుడ్డుకి ఆరు. పావులీటరు పాలకి ఎనిమిది. రోహూ చేప ముక్కలు వంద గ్రాములకి పదిహేడు. ఎండు సోయా ముక్కలు వంద గ్రాములకి యాభై పైనే. గుడ్లు ఉడకబెట్టే తినండి, ఆమ్లెట్ నా లెక్కలోకి రాదు. పచ్చి గుడ్డు గ్లాసులో కొట్టుకుని తాగేవాళ్ల ఒంటికి అందులో సగం ప్రోటీన్ మాత్రమే పడుతుంది. ఉడికిస్తే తొంభై శాతం దాకా పడుతుంది.

పూటలుగా పంచడం

మొత్తాన్ని నాలుగు పూటలు చేయండి, పూటకి పాతికకి తగ్గకుండా. ఇక్కడ చెడేది పొద్దుటి టిఫినే. ఇడ్లీ సాంబారుకి తోడు మూడు గుడ్లు, గ్లాసు పాలు చేరిస్తే సరిపోతుంది. రాత్రి ఒక్కపూటే కోడి మొత్తం లాగించి లెక్క సరిపెట్టేవాళ్లుంటారు. ఏమీ తినకపోవడం కన్నా నయమే గానీ నేను ఒప్పుకోను.

మరి డబ్బా?

ప్రోటీన్లు తయారయ్యేది ఇరవై అమైనో ఆమ్లాలతో. అందులో తొమ్మిదిని ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. జిమ్‌లో అమైనో అని అడిగే బీసీఏఏ డబ్బాలో ఉండేవి ఆ తొమ్మిదిలో మూడే: ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్. కండ కట్టే పనిని మొదలుపెట్టమనేది ల్యూసిన్, నిజమే. కానీ మిగతా ఆరూ లేకుండా ఆ పని పూర్తవదు. మన పట్టుమగ్గం మీద పడుగు ఎంత బిగించినా పేక లేకపోతే చీర రాదు. అన్నం తినకుండా బీసీఏఏ ఒక్కటే తాగితే, లోటు పడిన ఆరింటి కోసం ఒళ్లు ఉన్న కండనే కరిగించుకోవాలి.

ఐదు గ్రాముల బీసీఏఏలో ల్యూసిన్ సుమారు రెండున్నర గ్రాములు. పాలనుంచి తీసే వే ప్రోటీన్ పాతిక గ్రాముల్లోనూ దాదాపు అంతే ల్యూసిన్ ఉంటుంది, పైగా మిగతా ఆరూ వస్తాయి. కాబట్టి తిండితో మీ అంకె అందనప్పుడు కొనాల్సింది వే. అందితే ఏదీ అక్కర్లేదు. తొమ్మిదీ ఉన్న ఈఏఏ డబ్బాలు బీసీఏఏ కన్నా నయం. నోట్లోకి ముద్ద దిగని పెద్దవాళ్లకి డాక్టర్ ఒప్పుకుంటే పనికొస్తాయి కూడా. గుడ్డు నమలగలిగే ఇరవై ఏళ్లవాడికెందుకు?

వే కొనేటప్పుడు మూత సీలు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూడండి. తర్వాత డబ్బా వెనక్కి తిప్పండి. గ్లైసిన్, టారిన్ కలిపారేమో చదవండి. ల్యాబులో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. చవక అమైనోలు కలిపితే ప్రోటీన్ అంకె పెరుగుతుంది, కండ పెరగదు.

కార్తీకంలో

కార్తీకమాసం రాగానే సగం జిమ్ చికెన్, గుడ్డు మానేసి బీసీఏఏ కొంటుంది. చివరి ఐదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని ఇక్కడ అంటారు కదా, ఎవర్నీ తినమనను. సోయా, పెరుగు, పనీర్, శనగలు ఉన్నాయి. వే పాలనుంచే వస్తుంది, నీసు కాదు. అన్నంలో తక్కువపడే లైసిన్ పప్పులో ఉంటుంది కాబట్టి రెండూ వదలొద్దు. ఇక పున్నమి మర్నాడు ఛాడఖాయి వస్తుంది, అంటే మళ్లీ మాంసం తినే రోజు. నెల బాకీ ఒక్క పూటలో తీరదు. కొవ్వులాగా అమైనోల్ని దాచుకునే చోటు ఒంట్లో లేదు. ఆ రోజూ పూటకి మీ వాటా చికెన్ పచ్చిదే తూచి, నోటుపుస్తకంలో రాసి తినండి.