ప్రాసెసర్ కొనే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

ముందు మీ పని ఏమిటో కాగితం మీద రాసుకోండి. ఆఫీసు పనికి, పిల్లల చదువుకు ఆరు కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ధారాళంగా సరిపోతాయి. రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకే ఖరీదైన చిప్ మీద పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

• వాట్లు చూసేటప్పుడు మొదటి అంకె దగ్గరే ఆగకండి. ఇంటెల్ కోర్ ఐ9-14900కె బేస్ పవర్ (మామూలు వేగంలో వాడే కరెంటు) 125 వాట్లే, కానీ టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, పరిమితి 253 వాట్లు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600కు 65 వాట్లని రాస్తారు, దాని గరిష్ఠ పరిమితి 88.

• కరెంటు లెక్క మీరే వేసుకోండి. రోజుకు 6 గంటలు ఫుల్ లోడ్ మీద రెండు చిప్‌ల మధ్య 100 వాట్ల తేడా ఉంటే నెలకు 18 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 144 రూపాయలు. బ్రౌజింగ్‌కైతే ఇంత తేడా రాదు. నన్నడిగితే బిల్లుకన్నా వేడే పెద్ద బాధ. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ వేడంతా మన మీదికే వస్తుంది, కూలర్ ఖర్చూ పెరుగుతుంది.

• చిప్ ధర ఒక్కటే కాదు, బోర్డు, ర్యామ్, కూలర్ కలిపి కోట్ అడగండి. ఏఎం5 (రైజెన్ 7600 లాంటి చిప్‌లు కూర్చునే సాకెట్) బోర్డులకు డీడీఆర్5 రకం ర్యామే కావాలి.

• ఇంటెల్ చిప్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ చూపించే భాగం) ఉండదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి.

• ఇంటెల్ 13, 14వ తరం ‘కె’ (పేరు చివర ఆ అక్షరం ఉన్న) చిప్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటుంటే, చిప్‌ను దెబ్బతీసే వోల్టేజ్ సమస్యకు 2024లో వచ్చిన బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేశారో లేదో తప్పకుండా అడగండి. ముందే దెబ్బతిన్న చిప్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు.

• సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) కొంటే రెండు మూడు షాపులు తిరగండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.