లాడ్జి వేడినీళ్ల బాయిలర్‌కు పైపులు ఎలా వేయాలి?

సామాన్ల గురించి చెప్పేదేం లేదు: సీ-క్లాస్ జీఐ పైపు (జింకు పూత ఉన్న మందపాటి ఇనుప పైపు), యూనియన్లు (విప్పదీయగల జాయింట్లు), గేట్ వాల్వులు, నీళ్లను ఒక వైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు ఒకటి, చిన్న రిటర్న్ పంపు, గదులకు వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ. మామూలు పీవీసీ వద్దే వద్దు, 60 డిగ్రీలకే మెత్తబడి వంగుతుంది. సీపీవీసీని కూడా నేరుగా బాయిలర్‌ మూతికి తగిలించకూడదు. మొదటి నాలుగడుగులు జీఐ ఉండాల్సిందే.

చన్నీళ్లు బాయిలర్ అడుగున చేరాలి, వేడినీళ్లు నెత్తి నుంచి పోవాలి. చన్నీళ్ల లైను మిద్దె మీది ట్యాంకు నుంచి విడిగా రావాలి. దాని మీద ఒక్క కొళాయి పెట్టినా అది తిప్పినప్పుడల్లా బాయిలర్ నీళ్లను వెనక్కి లాగుతుంది.

ఇక అందరూ పాడుచేసే పని ఎయిర్ వెంట్, అంటే బాయిలర్ నెత్తి నుంచి మిద్దె పైకి తెరిచి ఉంచే పైపు. వెయ్యి లీటర్ల నీళ్లు 25 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 26 లీటర్లు పెరుగుతాయి. థర్మోస్టాట్ చెడి నీళ్లు మరిగితే, ఒక లీటరు దాదాపు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది. అది పోవడానికి దారి ఈ పైపే. అందుకే బాయిలర్ నెత్తి మీద దానికి సొంత సాకెట్ ఉండాలి. అంగుళానికి తగ్గకూడదు, మధ్యలో సన్నబడకూడదు, చివరి మూతి దాకా ఎక్కడా కిందికి దిగకూడదు. వాల్వు మాత్రం దానిపై ఎన్నడూ వేయకూడదు. మిద్దె మీద నీళ్లు చిమ్ముతున్నాయని గేట్ వాల్వు బిగించడం కుక్కర్ వెయిట్‌ను తీగతో కట్టేసినట్టే.

ఆ చిమ్మడానికి అసలు కారణం ఎత్తు చాలకపోవడం. వేడినీళ్లు తేలిక కాబట్టి ట్యాంకు మట్టం కంటే పైన నిలబడతాయి. బాయిలర్ కింద, ట్యాంకు 40 అడుగుల పైన ఉంటే, 80 డిగ్రీల దగ్గర ఈ తేడా సుమారు అడుగు వస్తుంది. వెంట్‌ను ట్యాంకు నిండు మట్టానికి రెండడుగుల పైకి తేవాలి. మూతిని మనుషులు తిరగని వైపు, కిందికి వంచాలి. ప్లాస్టిక్ ట్యాంకులోకి మాత్రం వద్దు.

అనంతపురం వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బాయిలర్ మీద వెంట్ తిరిగే చోటే గార కట్టి మూసుకుపోతుంది. అక్కడ ఎల్బో (వంపు ముక్క) వేయడం తెలివితక్కువ పని. మూడు మూతుల టీ ముక్క వేసి, మిగిలిన మూతికి ప్లగ్ బిగిస్తే ఆరు నెలలకోసారి కమ్మీ పెట్టి గీకవచ్చు. 60 డిగ్రీలు దాటితే గార వేగం పెరుగుతుంది, థర్మోస్టాట్‌ను 60 దగ్గరే పెట్టండి.

మంత్రాలయం లాంటి చోట తెల్లవారుజామునే అన్ని గదుల్లోనూ స్నానాలు. పైపుల్లో చల్లారిన నీళ్లను తిరిగి బాయిలర్‌కు తెచ్చే రిటర్న్ లైను లేకుంటే చివరి గదివాళ్లు బకెట్లకొద్దీ చన్నీళ్లు పారబోస్తారు. రిటర్న్ మెయిన్‌ను మొదటి స్టాండు (అంతస్తుల గుండా పోయే నిలువు పైపు) దగ్గరే మొదలుపెట్టి, మిగతా స్టాండులను కలుపుకుంటూ చివరిది దాటించి బాయిలర్‌కు తేవాలి. పైపు ఎక్కువ పడుతుందని మేస్త్రీలు గొణుగుతారు, కానీ అన్ని స్టాండులకూ దారి దాదాపు సమానమవుతుంది కాబట్టి, స్టాండుకో వాల్వు పెట్టి రోజూ తిప్పుకునే బాధ తప్పుతుంది. పంపు తర్వాత నాన్ రిటర్న్ వాల్వు, బాణం గుర్తు బాయిలర్ వైపు.

సీపీవీసీ క్లాంపులు వదులుగా ఉంచండి. 30 అడుగుల లైను వేడికి దాదాపు రెండు సెంటీమీటర్లు సాగుతుంది.

నింపేటప్పుడు పై అంతస్తు వేడినీళ్ల కొళాయిలన్నీ తెరిచి, గాలి చప్పుడు పోయి ధార నిలకడగా వచ్చాకే బాయిలర్ వెలిగించాలి. వెంట్ ఉందని, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు మానకండి, నెలకోసారి దాని లివర్ లేపి చూడండి. గారకు అదీ బిగుసుకుపోతుంది.