పాత మెక్సికో వెండి, దాని మీద ఎనామిల్: కొనేముందు, కడిగేముందు

మా పిన్ని అమెరికాలో ఉన్నప్పుడు కొన్న పాత మెక్సికో కడియం ఒకటి నా దగ్గరుంది. వెండి, మధ్యలో ముదురు నీలం ఎనామిల్, అంచంతా పురాతన గ్రీకు కుండల మీద కనిపించే మెలికల గీత. కొక్కెం ఊడిందని విశాఖలోనే ఒక షాపులో ఇస్తే మాటు వేయడానికి మంట పెట్టారు, నీలంలో వెంట్రుకంత పగులు వచ్చేసింది. మీ నగకి అలా కాకూడదనే ఇదంతా రాస్తున్నా.

ఎనామిల్ పెయింటు కాదు, గాజు. గాజు పొడిని వెండి మీద పరిచి సుమారు 800 డిగ్రీల కొలిమిలో కరిగిస్తారు, మన మీనా పని లాంటిదే. ఒక్క చోటే మంట తగిలితే వెండి ఒకలా, గాజు ఇంకోలా సాగి పగులుతుంది. అందుకే దాన్ని ముందు గాజుగా చూడండి, వెండి సంగతి తర్వాత.

కొనేముందు వెనక్కి తిప్పి భూతద్దంతో చూడండి. మెక్సికోలో వెండి పనికి పేరున్న ఊరు టాస్కో. 1931లో విలియం స్ప్రాట్లింగ్ అనే అమెరికన్ డిజైనర్ అక్కడ వర్క్‌షాప్ పెట్టాక ఆ పని బాగా పెరిగింది. ఎనామిల్‌కి ఎక్కువ పేరు మార్గోట్ డి టాస్కో అనే నగల డిజైనర్‌ది, ఆవిడ 1948లో సొంతంగా మొదలుపెట్టారు. వెనక ఆవిడ పేరు, స్టెర్లింగ్ లేదా 925 (అంటే 92.5 శాతం వెండి), డిజైన్ నంబరు, చిన్న గద్ద ముద్ర ఉండొచ్చు. ఆ గద్ద ముద్ర 1940ల చివరి నుంచి 1970ల దాకా వేసింది. టీఎం లాంటి అక్షరాలు, పక్కన అంకె ఉంటే వస్తువు ఆ తర్వాతి కాలానిది, కాబట్టి అరవైల నాటిదని చెప్పి అమ్మితే నమ్మకండి. మెలిక గీత ఉన్నంత మాత్రాన అది గ్రీకుది అనుకోవద్దు, మెక్సికోలోనే ఒహాకా రాష్ట్రంలో ఉన్న మిట్లా అనే పాత ఊరి శిథిలాల గోడల నిండా అలాంటి మెట్ల మెలికలే ఉంటాయి. మెడూసా (గ్రీకు కథల్లో పాముల జుట్టు ఉన్న ఆడది) తలో, ఆలివ్ ఆకుల దండో ఉంటే మాత్రం గ్రీసు వైపు చూసి గీసిందే.

ఇక కడగడం. సముద్రపు తేమలో వెండి తొందరగా నల్లబడుతుంది, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అలాగని ముంచగానే తెల్లబడే లిక్విడ్ వాడకండి, అందులోని యాసిడ్ ఎనామిల్ మెరుపు పోగొట్టొచ్చు. సోడా, అల్యూమినియం రేకు వేసిన మరిగే నీళ్లు, అల్ట్రాసోనిక్ మెషీన్, టూత్‌పేస్టు, నిమ్మకాయ, ఏదీ వద్దు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి, పసిపిల్లల మెత్తని బ్రష్‌తో వెండి భాగం మాత్రమే సున్నితంగా రుద్దండి, నానబెట్టకుండా వెంటనే పాత నూలు పంచెతో ఒత్తి తుడిచేయండి, ఎందుకంటే గాజు అంచు కింద సన్న సందుంటే నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. మెలికల లోతుల్లో నలుపు చాలాసార్లు డిజైన్ ఎత్తుగా కనబడాలని చేసిందే, అదంతా తీసేస్తే బొమ్మ చదునైపోతుంది. నా కడియంలో ఆ నలుపే అందం.

రిపేరుకి విశాఖ కురుపాం మార్కెట్‌లో నగల షాపులకి తీసుకెళ్తే నోరు తెరిచి మొదట చెప్పాల్సిన మాట, "మంట పెట్టొద్దండి, ఇది గాజు." లేజర్ వెల్డింగ్ ఉందా అని అడగండి, లేదంటే నిప్పు లేకుండా రివెట్‌తో బిగించగలరేమో కనుక్కోండి, రెండూ కుదరకపోతే వెనక్కి తెచ్చేసుకోవడమే మేలు.

దాచేటప్పుడు ఒక్కో వస్తువునీ వేరేగా మెత్తని నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ మాత్రం దగ్గరకు రానివ్వకండి, వాటిలోని గంధకం వల్ల వెండి ఇంకా తొందరగా నల్లబడుతుంది. వానాకాలంలో ఆ పొట్లం నెలకోసారి మార్చండి.